చెలమ పక్కన కొబ్బరిచిప్ప

మా కాలనీలో కందిపప్పు ఉడకదు. టౌనులో ఎవరితోనన్నా ఈ మాటంటే నవ్వుతారు. కావాలంటే మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ఏ పిల్లనైనా అడగండి. మొదటి వారంలోనే ఆ పిల్లకూ అత్తకూ పోట్లాట వచ్చేది దీని మీదే. కుక్కరు పది విజిళ్లు కూస్తుంది. మూత తీస్తే పప్పు గింజ గింజగా అట్లనే ఉంటుంది. "పప్పు ఉడకేసేది గూడా నేర్పియ్యలేదా మీ అమ్మ?" అని అత్త, "మీ కుక్కరే సరిగ్గా లేదు" అని కోడలు. తప్పు ఇద్దరిదీ కాదు, బోరు నీళ్లది. అంత ఉప్పు. తలకు పోసుకుంటే సబ్బు నురగ రాదు. కొత్త స్టీలు బిందె కొన్న నెలకే లోపల తెల్లగా పెచ్చు కడుతుంది.

మేముండేది పెన్న వంతెనకు ఇవతల, ఎర్రగుంట్ల రోడ్డు మీద, రాళ్లమిట్ట. ఆధార్ కార్డులో ప్రొద్దుటూరనే ఉంటుంది. సినిమాకైనా, ఆసుపత్రికైనా, బంగారం అంగడికైనా షేరు ఆటో ఎక్కి వంతెన దాటాల్సిందే. మనుషులం దాటిపోతాం, టౌను కుళాయి మాత్రం ఇటు దాటి రాలేదు. ఇక్కడ సొంత ఊరోళ్లంటూ ఎవరూ లేరు. వేముల పక్క చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఎండిపోయి వచ్చినవాళ్లు కొందరు, పెండ్లిమర్రి నుంచి పిల్లల చదువులకని వచ్చినవాళ్లు కొందరు, కువైట్‌లో సంపాదించి రెండంతస్తులు లేపినవాళ్లు కొందరు. అందరం ఒకే ప్లాట్ల బ్రోకరు మాట నమ్మి వచ్చినోళ్లమే. "పెన్న పక్కనే గదమ్మా, నీళ్లకేం కరువు!" అన్నాడు వాడు.

పద్దెనిమిదేళ్ల పాటు ఈ కాలనీలో పప్పు ఉడికిందంటే పెద్దసుబ్బమ్మ వల్లనే.

ఆమెది వీరపునాయునిపల్లె. పొట్టి మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. నడిస్తే వెనకవాళ్లు పరిగెత్తాలి. నోరు మాత్రం ఆ చివరి వీధి దాకా వినపడుతుంది. మొగుడు సంజీవయ్య గొర్రెలు కాసేవాడు. ఒక కరువులో మంద మొత్తం అమ్మేసి, మూడు మేకలను మిగుల్చుకుని ఇద్దరూ ఈ మిట్ట మీదికి వచ్చారు. అప్పటికి ఇక్కడ ఇళ్లు నాలుగే. సంజీవయ్య మనుషులతో మాట్లాడేది తక్కువ, మేకలతో ఎక్కువ. ఇద్దరి మాటలూ సుబ్బమ్మే మాట్లాడేది.

పెన్నలో ఏడాదికి పది నెలలు ఇసుకే. ఎగువన మైలవరం డ్యాం గేట్లెత్తితేనే నీళ్లు. కానీ ఆ ఇసుక కింద ఎక్కడో ఒక చోట తీపి ఊట ఉంటుంది. అది ఎక్కడుందో కనిపెట్టడం గొర్రెలు కాచిన వాళ్లకే తెలుసు. సుబ్బమ్మ పొద్దు పొడవక ముందే చెప్పులు విప్పి ఏట్లో నడిచేది. ఒక చోట పాదం ఇసుకకు ఆనగానే నిలబడేది. "ఈడ చల్లగుండాది" అనేది. మేమూ అక్కడే పాదం పెట్టి చూసేవాళ్లం. మాకు అంతటా ఒకే చల్లదనం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చేతుల్తో, కొబ్బరిచిప్పతో తవ్వేది. మోచేయి లోతు పోగానే అడుగున నీళ్లు చెమర్చి, మెల్లగా నిండేవి. మొదటి రెండుసార్లు మట్టి నీళ్లు తోడి పారబోసేది. మూడోసారికి నీళ్లు అద్దంలా తేరుకునేవి. ఆ గుంటనే చెలమ అంటారు. పాత చీర ముక్క బిందె మూతికి కట్టి, చిప్పతో కొంచెం కొంచెంగా తోడుకునేది. ఎనిమిది బిందెలు నింపుకుని తోపుడు బండి మీద మిట్టెక్కేది.

ఆ నీళ్లకు ఆమె ధర చెప్పేది కాదు. "నీళ్లకు ఎవురన్నా రేటు కడతారా? మోసిన దానికియ్యండి, మీ ఇష్టం" అనేది. కొందరు దుడ్లిచ్చేవాళ్లు, కొందరు బియ్యం. రంజాన్ నెలలో ఆమె గుడిసె ముందు సేమ్యా గిన్నెలు వరసగా ఉండేవి. ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆమెకు. పని అయిపోయాక చెలమను పూడ్చేది కాదు. అట్లనే వదిలి, పక్కన ఇసుకలో ఒక కొబ్బరిచిప్ప గుచ్చి వచ్చేది. గొర్రెలోడు వస్తాడు, ఇసుక ట్రాక్టరు డ్రైవరు వస్తాడు, ఎవరికి దప్పికైతే వాళ్లు తోడుకుని తాగాలి. చిప్పెవరో ఎత్తుకుపోతే మరుసటి రోజు ఇంకోటి గుచ్చేది.

"ఎత్తుకపోయినోడు దాంతో ఏం జేసుకుంటాడో!" అన్నాను ఒకసారి నేను.

"వాని పెండ్లాం నెత్తిన పెట్టుకుంటాదిలే" అంది సుబ్బమ్మ.

ఆమె బండి మొదట ఆగేది దిల్షాద్‌బీ ఇంటి ముందు. దిల్షాద్‌బీ మొగుడు అలీ అహ్మద్ కువైట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండి పోయేవాడు. ఆమె ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీల మీద అరిచి పని చేయించింది సుబ్బమ్మ. కూతురు ఆర్షియా చిన్నప్పుడు అమ్మోరు పోసి పడుకుంటే, ఇరవై రోజులు విడిగా ఒక బిందె తెచ్చి పోసింది సుబ్బమ్మ. ఆ పిల్ల మాటలు నేర్చుకునేటప్పుడు నీళ్లను "ఛుబ్బా" అనేదంటే ఆలోచించండి. సాయంత్రం పూట వాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని కాలనీలో అందరి మీదా మాట్లాడుకునేవాళ్లు. నా మీద కూడా మాట్లాడుకునేవాళ్లని తెలుసు నాకు. నేను వస్తుంటే ఆపేసేవాళ్లు.

"సుబ్బక్కా, నువ్వు నా తోడబుట్టిందానివి" అనేది దిల్షాద్‌బీ.

"అయితే మీ నాయన ఆస్తిలో నాకు భాగమియ్యి."

"మా నాయనకు ఉన్నింది ఒక గడ్డమే. సగం గొరిగి ఇస్తా, తీసుకో."

అట్లా నవ్వుకునేవాళ్లు.

నాలుగేళ్ల కింద ఈశ్వర్ వచ్చాడు. సంజీవయ్యకు చెల్లెలి వరస అయ్యే ఆమె కొడుకు, వేముల మండలం. చీనీ తోటకు వేసిన బోర్లన్నీ ఎండిపోయి, చెట్లు కొట్టి కట్టెలకు అమ్మేసి, భార్య ప్రసూనను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడు ప్రసూనకు ఏడో నెల. ఇల్లు దొరికేదాకా అని సుబ్బమ్మ గుడిసెలో దిగి, ఎనిమిది నెలలు ఉన్నారు. ప్రసూన కాన్పై వచ్చాక బిడ్డకు మొదటి నీళ్లు పోసింది సుబ్బమ్మే. బోరు నీళ్లు తగిలితే పసిదాని ఒళ్లు పేలుతుందని, తమకు తాగేదానికి లేకున్నా ఆ బిడ్డ స్నానానికి రోజూ చెలమ నీళ్లు కాచింది. పిల్లలు లేని మనిషి. "అత్తా, అత్తా" అని వాడు చుట్టూ తిరుగుతుంటే ఆమెకు నేల మీద కాళ్లు ఆనేవి కావు.

ఈశ్వర్ మంచి మాటకారి. ట్యాంకరు లారీ మీద డ్రైవరుగా చేరాడు. డ్యూటీ లేనప్పుడు వచ్చి బండి తోసేవాడు, బిందెలు దించేవాడు. ఒకరోజు మా గేటు ముందే, నేను వింటుండగానే అడిగాడు.

"అత్తా, ఊట యాడుందో నీకెట్ల తెలుస్తాది?"

"కాలికి తెలుస్తాది."

"నా కాలికి తెల్డం లేదే."

"నీది బూట్ల కాలు గదా. పొద్దున రా, సూపిస్తా."

బండి వెనకే వచ్చి మేకకు ఆకు మేపుతున్న సంజీవయ్య తల ఎత్తాడు. "యాల సూపించేది?" అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి మాట రావడమే అరుదు.

"రేపు నా కాళ్లు పడిపోతే కాలనీకి నీళ్లెవురు పోస్తారు, నీ మేకలు పోస్తాయా?" అంది సుబ్బమ్మ.

వాళ్ల గొర్రెలోళ్లలో ఒక ఆచారం ఉందట. ఆమే చెప్పింది. ఊట చూపించే మనిషి చెలమ తవ్వి మొదటి దోసిలి తాను తాగి, రెండో దోసిలి చూపించుకున్న వాళ్లకు తాపుతుంది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆ ఊటకు కంచె వేయకూడదు. వేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ వేయలేదు. కాగితం లేదు, సాక్షి లేదు. అందరూ పాటించారు కాబట్టి ఉండింది అది.

మరుసటి రోజు పొద్దున్నే ఏట్లోకి పోయి ఆమె వాడికి అంతా చూపించింది. ఊట ఏ పక్క నుంచి వస్తుందో, ఎండాకాలం ఎటు జరుగుతుందో, ఒడ్డున ఏ తుమ్మచెట్టుకు ఎదురుగా ఎన్నడూ ఎండని చోటుందో చూపించింది. రెండో దోసిలి వాడికి తాపింది. వాడు తాగి, ఆమె కాళ్లకు దండం పెట్టాడట. ఆ మాట చెబుతూ సుబ్బమ్మ కళ్లు తుడుచుకుంది. "వాడు నా కడుపున పుట్టాల్సింది, దోవ తప్పి ఇంగో కడుపున పుట్నాడు" అంది.

ఏడాది తిరిగింది. ఒకరోజు బండి తోసుకుని వస్తున్న సుబ్బమ్మను ఆటో తోలే అన్సర్ ఆపాడు.

"ఏం సుబ్బమ్మత్తా! ఓనరమ్మ అయినావంట, స్వీట్ యాడ?"

"ఏం ఓనరురా నీ మొగం."

"రోడ్డు మీద నీ పోటో పెట్టినారు గదా, సినిమా హీరోయిన్ మాదిరి!"

మేమంతా రోడ్డు దాకా పోయి చూశాం. వేపచెట్టుకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ. దాని మీద బిందె నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న సుబ్బమ్మ. ఎప్పుడో ఈశ్వర్ తన ఫోనులో తీసిన ఫోటో. పక్కన పెద్ద అక్షరాలతో "సుబ్బమ్మత్త తీపినీళ్లు – పెన్నమ్మ ఒడి నుంచి మీ గడపకు". కింద ఈశ్వర్ ఫోను నంబరు.

సుబ్బమ్మకు చదువు రాదు. ఏం రాసుందో నేనే చదివి చెప్పాను. ఆమె తన బొమ్మ దగ్గరికంటా పోయి చూసింది.

"నా పేరు పెట్టినాడే" అంది. మొదట ఆమె ముఖంలో సంతోషమే చూశాను నేను. ఒట్టు. "నాతో ఒక మాట చెప్పలేదేంది? కొత్త చీర కట్టుకునేదాన్ని గదా పోటోకు."

మూడు రోజులకు ఏట్లో మనుషులు దిగారు. తుమ్మచెట్టు కాడ ఒడ్డున ఖాళీ స్థలం ఒకటి ఉంది. టౌనులో ఎవరో షావుకారుదని మేమంతా అనుకునేవాళ్లం. అక్కడ రేకుల షెడ్డు లేచింది. షెడ్డు నుంచి ఏట్లోకి, ఇసుక కింద అడ్డంగా చిల్లుల పైపులు పరిచారు. సరిగ్గా ఆ ఎన్నడూ ఎండని చోటికి. మోటరు వేశారు. పైపులు ఎవరూ తొక్కకుండా చుట్టూ ముళ్లకంచె.

ఆ వారంలోనే సుబ్బమ్మ చెలమ అడుగున పొడి ఇసుక తేలింది. ఇంకో చోట తవ్వింది, మోచేతి లోతుకు కాదు, భుజం లోతుకు పోయినా చెమ్మ లేదు. మోటరు పగలంతా లాగుతుంటే చెలమలో నీళ్లెక్కడ నిలుస్తాయి? ఆ రోజు రెండు బిందెలతో వచ్చింది. మరుసటి రోజు బండి రాలేదు.

ఆమె షెడ్డు కాడికి పోయింది. నేనూ వెంట పోయాను. ఏం జరుగుతుందో చూడాలని పోయాను, దాచుకునేదేముంది.

"ఏంది ఈశ్వరా ఇది?" అంది.

"ప్లాంటు అత్తా. నువ్విప్పుడు బండి తొయ్యనక్కర్లే. ఇంట్లో కాలు మీద కాలేసుకోని కూచో."

"కంచె ఎందుకేసినావు?"

"పైపులు పగలగొడతారని."

"నేను తాపినా గదా నాయనా. నా దోసిట్లో తాపినా."

వాడు నవ్వాడు. కోపంగా అన్నా బాగుండేది. "అయ్యన్నీ గొర్లు కాసేటప్పటి మాటలత్తా. ఇది బిజినెస్సు" అన్నాడు. లోపల నుంచి ప్రసూన తొంగి చూసింది. సుబ్బమ్మను చూడగానే చంకలోని బిడ్డను అటు తిప్పుకుని లోపలికి పోయింది. ఆ బిడ్డ మాత్రం "అవ్వా!" అని ఇటే చేయి చాచింది.

సుబ్బమ్మ ఇంటికొచ్చి ఏడవలేదు. తిట్టింది. ఈశ్వర్‌ను, వాడి నాన్నను, వాడి తాతను, ప్లాట్ల బ్రోకరును కూడా. "యాల సూపించేది" అని సంజీవయ్య మళ్లీ అంటాడేమోనని ఆమె అతని వైపే చూస్తూ తిట్టింది. అతను లేచి మేకలకు గడ్డి వేశాడు.

అంగన్‌వాడీ టీచరు హేమలతకు ఇది తెలిసి మండలాఫీసు మేడమ్‌కు ఒక అర్జీ రాసింది. ఏరు అందరిది, జనం తాగే ఊటకు కంచె వేశారు, వచ్చి చూడండి అని. సుబ్బమ్మ వేలిముద్ర వేసింది. "సంతకాలు ఇంగెవురు పెడతారు?" అని హేమలత అడిగితే, "సంతకాలెందుకమ్మా? ఆ మేడమొచ్చి అడిగితే కాలనీ మొత్తం చెప్తాది. పద్దెనిమిదేండ్లు తాగినోళ్లు చెప్పరా?" అంది సుబ్బమ్మ. దిల్షాద్‌బీ అరుగు మీద కూర్చునే అంది ఆ మాట. దిల్షాద్‌బీ తలూపింది. "చెప్పక ఏం, సుబ్బక్కా" అని సొంత నోటితోనే అంది. నేను విన్నాను.

మేడం వచ్చేది శుక్రవారం. గురువారం సాయంత్రం ఈశ్వర్ ట్రాలీ ఆటో వీధి వీధీ తిరిగింది. ఇంటికొక ఇరవై లీటర్ల క్యాను, ఉచితం. "ఏడాది దాకా ఇట్లనే అక్కా, మన కాలనీకి ఊరికే. మనలో మనకు ఏంది?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. చెప్పమనీ లేదు, చెప్పొద్దనీ లేదు. నీలం రంగు క్యాను, మీద సుబ్బమ్మ బొమ్మ స్టిక్కరు. నేనూ తీసుకున్నాను. ఆ సాయంత్రం మా ఇంట్లో పప్పు మూడు విజిళ్లకే ఉడికింది.

శుక్రవారం పదకొండుకు మండలాఫీసు నుంచి జీపు వచ్చింది. మేడం వయసులో చిన్నది, మర్యాదగానే మాట్లాడింది. షెడ్డు ముందు మేము ఒక ముప్పై మంది ఆడవాళ్లం. హేమలత మాత్రం లేదు, ఆ రోజే ఆమెకు కడపలో ట్రైనింగట. నిజంగానే ఉండిందో, ఉందని పోయిందో నాకు తెలియదు.

"ఈ స్థలం ఎవరిది?" అని అడిగింది మేడం.

గుంపు వెనక నుంచి అలీ అహ్మద్ వచ్చాడు. మోకాళ్లు నొప్పులని కువైట్ మానుకుని వచ్చి రెండేళ్లైంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. "నాదే మేడం. పోయినేడు కొన్నా. ఈశ్వర్‌కు లీజుకిచ్చినా" అన్నాడు.

సుబ్బమ్మ తల తిప్పి దిల్షాద్‌బీని చూసింది. ఏడాదిగా ప్రతి సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చున్నారు వాళ్లిద్దరూ. కాలనీలో ఎవరి కోడలు ఎప్పుడు పుట్టింటికి పోయిందో మాట్లాడుకున్నారు. ఈ ఒక్క మాట మాత్రం మాట్లాడుకోలేదు. దిల్షాద్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలను చూస్తోంది.

"ఈమె అర్జీ పెట్టింది. ఇక్కడ చెలమ ఉండేదని, మీరందరూ ఆ నీళ్లే తాగేవాళ్లని రాసింది. నిజమేనా?" అంది మేడం. ఎదురుగా ఉన్నది దిల్షాద్‌బీ. "మీరు చెప్పండమ్మా."

దిల్షాద్‌బీ మొగుడి వైపు చూసింది. అతను కాగితాలను మళ్లీ కవర్లో పెడుతున్నాడు.

"మాకు తెల్దు మేడం" అంది. "మేము ఎప్పుడూ బోరు నీళ్లే."

పక్కామె కూడా అదే అంది. ఆ పక్కామె, "ఏట్లోకి మేము పోము మేడం, ఇసక లారీలు తిరుగుతాయి" అంది. మాటలు ఒకరి నోటి నుంచి ఒకరికి జరుగుతూ నా దాకా వస్తున్నాయి. నా పక్కన నిలబడిన ఫిర్దోస్ వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. మేడం నన్ను చూసింది. నేను నా కాలి వేళ్లను చూసుకున్నాను.

సుబ్బమ్మ అరుస్తుందనుకున్నాను. ఆ నోరు తెలిసిన వాళ్లమంతా అదే అనుకున్నాం. ఆమె మెల్లగా దిల్షాద్‌బీ దగ్గరికి వచ్చింది.

"దిల్షాదూ, మరి మీ ఇంట్లో ఇన్నేండ్లు పప్పు ఎట్ల ఉడికింది?"

షెడ్డు లోపల మోటరు ఆడుతోంది.

"నేను అడిగేది ఇది ఒకటే. మేడం ముందర చెప్పొద్దులే, నాకు చెప్పు. ఎట్ల ఉడికింది?"

మేడం ఏదో రాసుకుని, "ఎవరూ చెప్పకపోతే నేను ఏం రాసేదమ్మా" అని జీపెక్కింది. పోతూ పోతూ ఫ్లెక్సీ మీద బొమ్మను చూసి, "ఇది మీరే కదా?" అని అడిగింది సుబ్బమ్మను.

"కాదమ్మా. నా మాదిరి ఉండే మనిషి ఎవురో" అంది సుబ్బమ్మ.

ఆ రోజు నుంచి ఆమె మా వీధుల్లోకి రాలేదు. తోపుడు బండిని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఊరికే ఇచ్చింది. మేము దారిలో కనబడితే తిట్టలేదు, పలకరించలేదు, కరెంటు స్తంభాన్ని దాటుకుని పోయినట్టు పోయింది. ఆ తిట్ల కోసం మొహం వాచిపోయాం మేము. మా ఇంటి ముందు నుంచి పోతుంటే ఒకరోజు కావాలని, "ఏం సుబ్బక్కా, మేకలు బాగుండాయా?" అన్నాను. ఆగలేదు.

ఉచిత క్యాన్లు ఏడాది రాలేదు. ఆరు నెలలే వచ్చాయి. మోటరు రాత్రింబగళ్లు లాగి లాగి ఆ ఊటలోకి ఉప్పు దిగింది. ఈశ్వర్ ఏవేవో మిషన్లు పెట్టాడు, ఇంకో నాలుగు చోట్ల పైపులు పరిచాడు, లాభం లేకపోయింది. మైలవరం గేట్లెత్తినప్పుడు వచ్చిన నీళ్లు పైపులన్నిటినీ లేపుకుని పోయాయి. వాడు షెడ్డుకు తాళం వేసి జమ్మలమడుగు పక్క ఎక్కడో కొత్త ప్లాంటు పెట్టాడంటారు. అక్కడా అదే పేరు, అదే బొమ్మ అని అన్సర్ చెప్పాడు. మా పప్పు మళ్లీ గింజ గింజగా అయింది.

ఆ తర్వాతి ఎండాకాలం ఆర్షియా కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండిన పిల్ల. ఏం వండి పెట్టినా వద్దంది, మెత్తటి పప్పూ అన్నం కావాలంది. దిల్షాద్‌బీ టౌను నుంచి బాటిల్ నీళ్లు తెప్పించి వండింది. పిల్ల ఒక ముద్ద తిని, "ఇది కాదమ్మీ, చిన్నప్పటిది" అని పక్కకు పెట్టింది.

ఒక మధ్యాహ్నం దిల్షాద్‌బీ ఖాళీ బిందె పట్టుకుని సుబ్బమ్మ గుడిసెకు పోయింది. ఆ పక్కింటి జమీలా దగ్గర నేను జాకెట్ కుట్టించుకుంటున్నాను, అందుకని అంతా కనబడింది. సుబ్బమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఆర్షియా వచ్చినాది, సుబ్బక్కా."

సుబ్బమ్మ చేతులు ఆగాయి.

"పప్పు అడుగుతాంది. నీ నీళ్ల పప్పు."

సుబ్బమ్మ లేచింది. బిందె తీసుకుని లోపలికి పోయి, తన కడవలోని నీళ్లు వంచి నింపి తెచ్చింది. నీళ్లడిగిన మనిషికి లేదనడం ఆమెకు రాదు. కడవ అడుగుదాకా వంచిన చప్పుడు నాకు వినబడింది. తనకు మిగుల్చుకోలేదు.

దిల్షాద్‌బీ బిందె ఎత్తుకోలేదు. నిలబడి ఏడుస్తోంది. "ఆయన కొన్నప్పుడే చెప్పాలనుకుంటి. ఈ పొద్దు, రేపు అని... తిట్టు సుబ్బక్కా. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క మాటన్నా తిట్టు."

"నీళ్లడిగినావు, ఇచ్చినా" అంది సుబ్బమ్మ. "పో. బిడ్డ ఆకలితో ఉంటాది."

మళ్లీ కూర్చుని చింతపండు ముందుకు లాక్కుంది. దిల్షాద్‌బీ బిందె నడుముకు ఎత్తుకుని పోయింది. ఆ సాయంత్రం ఆర్షియా రెండు పళ్లాలు తినిందట.

ఆ నీళ్లు ఎక్కడివని కాలనీ మొత్తం గుసగుసలు. నాకూ మనసు ఆగలేదు. రెండు రోజుల తర్వాత, తెల్లవారుతుండగా వాళ్లిద్దరూ మేకలు తోలుకుని ఏట్లోకి దిగడం చూసి, దూరంగా వెనక పోయాను. వంతెన దాటి, శ్మశానం దాటి, ఇంకా పైకి పోయారు. ఒక చోట సుబ్బమ్మ చెప్పులు విప్పి నిలబడింది. మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరిచిప్పతో తవ్వింది. మొదటి నీళ్లు పారబోసింది, రెండోవి పారబోసింది. మేకలకు తాపింది. సంజీవయ్య తాగాడు. ఒక్క కడవ నింపుకుంది.

తర్వాత ఇద్దరూ కూర్చుని చేతుల్తో ఇసుక తోసి ఆ చెలమను పూడ్చారు. సుబ్బమ్మ దాని మీద పాదంతో అటూ ఇటూ రాసి చదును చేసింది. మేకలను దాని మీదుగా నడిపించాడు సంజీవయ్య. ఇక ఎక్కడ తవ్వారో నాకే తెలియలేదు.

కడవ నెత్తికెత్తుకుని తిరిగినప్పుడు ఆమె నన్ను చూసింది. నేను నిలబడే ఉన్నాను. ఎండ కూడా ఎక్కుతోంది, నిజంగానే దప్పికయింది. అడిగితే ఇస్తుందని తెలుసు. అడగడానికి నోరు రాలేదు.

ఆమె కొబ్బరిచిప్పను ఇసుక దులిపి, నడుము దగ్గర కొంగులో దోపుకుని, నా పక్క నుంచే పోయింది.